మొదటి అక్షరం

కుతాయిసిలో ఆ వారమంతా వాన.
బజారు కింది సొరంగదారిలో నా కొట్టు:
ఒక బల్ల, రెండు తెరలు,
పక్కవాడి తాళంచెవుల మిషను రొద.

నాతెలా ఆ కార్డును రుమాల్లో చుట్టి తెచ్చింది,
ఊడిన పాలపన్ను తెచ్చినట్టు.
"నాలుగు వందల పన్నెండు," అంది, "అన్నీ రా ఫైళ్ళే."
మేనల్లుడు బాచో ఫార్మాట్ కొట్టేసి
స్కూలు ఫుట్‌బాల్ ఆట తీసుకున్నాడట, నలభై నిమిషాలు.
గెలిచారా అని అడిగాను.
మూడు సున్నాతో ఓడిపోయారు.

చియాతురాలో, గని మూసేసిన కొండ మీదికి
తీగ పట్టుకుని వేలాడే పాత ఇనప డబ్బా
ఆఖరుసారి పైకెళ్ళిన రోజది.
ముప్పై ఒక్క ఏళ్ళు దాన్ని నడిపిన లమారా
తలుపు గొళ్ళెం తీస్తూ, వేస్తూ, తీస్తూ.
నాతెలా పొద్దున్నించీ దాంతోపాటే తిరిగింది, పన్నెండుసార్లు.

చెరపడమంటే ఏమిటో జనానికి తెలీదు.
కార్డు నిజానికి దేన్నీ చెరపదు.
పేరులో మొదటి అక్షరం ఒక్కటే గీకేసి
ఇల్లు ఖాళీ అని బోర్డు కడుతుంది.
లోపల దీపం వెలుగుతూనే ఉంటుంది,
పొయ్యి మీద కూర కుతకుతమంటూనే ఉంటుంది,
ఇంకెవరో వచ్చి సామాను దింపేదాకా.
బాచో దింపేశాడు:
ఇరవై ఇద్దరు పిల్లలు, ఒక రెఫరీ,
గొడుగుల కింద కేకలేసే నాన్నలు.

ముందు కార్డుకి నకలు తీసి, అసలుని దాచేశాను.
ఆ తర్వాత వెతుకులాట,
సున్నాల ఇసకలో మోచేతిదాకా చెయ్యి పెట్టి.
తల దొరికినదానికి ఒళ్ళుండదు.
ఒళ్ళున్నదానికి తలరాత చెరిగిపోయి ఉంటుంది:
తన వెడల్పెంతో ఎత్తెంతో తనకే తెలియని
వండని వెలుతురు.

మొదటి రాత్రి సగం కొండ దొరికింది,
మిగతా సగం బూడిద.
ఆ తర్వాత లమారా చెయ్యి,
మణికట్టు దగ్గర జారి ఊదా చారలైపోయింది.
మూడోది తెరుచుకుంది గానీ గోరంత.
పెద్ద బొమ్మ పోయాక ఒక్కోసారి
అది కడుపులో దాచుకున్న చిన్న నకలు మిగులుతుంది.
నాతెలా తెరకి ముక్కు ఆనించి చూసింది.
"పెద్దదవుతుందా?"
అవదని చెప్పాను.

నాలుగో రోజు, కార్డు చివరి వీధుల్లో,
ఆట చేరని చోట,
పందొమ్మిది. చెక్కుచెదరలేదు.
ఫోన్ చేస్తే తడి బూట్లతోనే పరుగెత్తుకొచ్చింది.
చూస్తున్నకొద్దీ ముఖం మాడిపోయింది.
"ఇవి నేనే చెరిపేశాను.
అక్కడే, ఆ డబ్బాలోనే.
ఇది ఫోకస్ తప్పింది. ఇందులో కళ్ళు మూసేసింది.
ఇదేమో నా బొటనవేలు."

ఏరుకున్నవన్నీ పోయాయి.
పారేసినవి
మొదటి అక్షరం లేని పేర్లతో
బడికి ఆలస్యమైన పిల్లల్లా నిలబడ్డాయి.

శనివారం లమారానే బస్సెక్కి వచ్చింది,
నా కుర్చీలో కూర్చుంది, అడగలేదు.
పదిహేడోదాని దగ్గర ఆగమంది.
అందులో ఆమె సగమే ఉంది, అదిరిపోయి ఉంది,
నోటినిండా పొద్దుతిరుగుడు గింజలతో
వెనక్కి తిరిగి ఎవరిమీదో అరుస్తోంది.
"వలీకో మీద," అంది. "ఊగొద్దని.
ముప్పై ఏళ్ళు చెప్పాను, విన్నాడా?"
నవ్వింది. గొళ్ళెం లేని చోట
చెయ్యి దానంతటదే కదిలింది.
"నాకిదే కావాలి."

కాపీ చేసేముందు ప్రోగ్రాం అడుగుతుంది,
పోయిన అక్షరం చోట ఏం పెట్టమంటావని.
ఏదైనా ఒకటే, ఏ అక్షరమైనా తెరుచుకుంటుంది.
నాతెలా చాలాసేపు ఆలోచించింది.
పందొమ్మిదిసార్లు నొక్కింది.
ఏ మీటో నేను చూడలేదు.

డబ్బు సగమే తీసుకున్నాను.
బాచో ఆట కూడా వేరే కార్డులో వేసిచ్చాను.
సరిగ్గా వచ్చిందో లేదోనని మొత్తం చూశాలెండి.
ఆ మూడో గోలు మాత్రం ఆఫ్‌సైడే.