మూఢం దాకా ఆగుతుందా

రామచంద్రపురంలో ఇంకా తెల్లారకముందే
వ్యాను కింద అట్టముక్క లాగి చూస్తాను.
నిన్న మూడు చుక్కలు.
ఇవాళ ఏడు.
ఒకటి మాత్రం పెద్దది, పచ్చగా,
గోంగూర ఉడికించి వార్చిన నీళ్ళలా.

పంతొమ్మిదేళ్ళ ఓమ్ని.
నాకు ముందు ఎవరో రొయ్యపిల్లలు తోలారు దీంట్లో,
ఎండ ముదిరితే ఇప్పటికీ సీట్లలోంచి చెరువు వాసన.
నేను పులిహోర తోలుతాను, గుత్తొంకాయ, మజ్జిగపులుసు,
మూడొందల మంది ఆకలి ఒక్క ట్రిప్పులో.
ఇంజను నా సీటు కిందే.
దానికి జ్వరమొస్తే ముందు కాలేది నాకే.

ఏసుపాదం టార్చి వేసి చూశాడు.
"పంపు కింద చిన్న కన్నం ఉంటాదండి.
లోపల సీలు అరిగితే నీళ్ళు అందులోంచే వస్తాయి.
లీకనుకోకండి. కబురది."
పుల్లీ పట్టుకుని అటూ ఇటూ ఊపాడు.
ఊగుతోందా?
"ఊగనా మాననా అంటోందండి."
రేడియేటరు మూత తీశాక మాత్రం కేకలేశాడు:
"బోరు నీళ్ళు పోశారా! ఆ ఉప్పు నీళ్ళతో అన్నం వండుతారా మీరు?"

వండను.

పంపు, బెల్టు, కూలెంటు, చేతికూలి,
నాలుగు వేల రెండొందలు.
రెండు రోజులు బండి ఉండదు.
ఎన్నాళ్ళు ఆగుతుంది అనడిగితే
వాన సంగతి అడిగినట్టు
ఆకాశం వంక చూశాడు.

క్యాలెండరు తిప్పాను.
మూఢానికి ఇరవై రెండు రోజులు.
ఈలోగా నాలుగు పెళ్ళిళ్ళు, ఒక ఓణీల ఫంక్షను,
యానాంలో ఎవరిదో షష్టిపూర్తి.
శుక్రుడు అస్తమిస్తే గానీ నా పొయ్యి ఆరదు,
పొయ్యి ఆరితే గానీ బండి ఖాళీ అవదు.
ఆ శుక్రుడికీ ఈ రబ్బరు సీలుకీ
మాట కలిపేదెవరు?

లాకుల దగ్గర టీ తాగుతూ
లస్కరు పల్లాలరావుని అడిగాను,
తలుపులు కారుతుంటే ఎప్పుడు బాగుచేస్తారని.
"కాలవ కట్టేసినప్పుడు."
అప్పటిదాకా?
"గోనెలు కుక్కుతాం. రాత్రిళ్ళు లేచి చూస్తాం."
గ్లాసు కడిగి బోర్లించి, కాసేపాగి,
"ఒక ఏడు నాట్ల మధ్యలో ఆపి బాగుచేశాం.
రైతులు నన్ను తిట్టని తిట్టు లేదు.
ఆ తలుపు పడిపోయేదో, ఇంకో పదేళ్ళుండేదో,
ఇప్పుడెవరు చెబుతారండి?"

మురమళ్ళ పెళ్ళికి పోతుంటే
ఎదుర్లంక వంతెన మధ్యలో ముల్లు లేచింది.
ఆపాను. వెనక గుండిగల్లో సాంబారు కూడా సద్దుమణిగింది.
కింద గౌతమి, కంటికి ఆనినంత మేరా నీళ్ళు,
నా చేతిలో రెండు లీటర్ల సీసా.
"తాడేసి తోడనా?" అన్నాడు దొరబాబు.
వద్దురా, ఉప్పు.

పన్నెండు నిమిషాలు ఆలస్యంగా వడ్డించాం.
ఒక్కరూ గమనించలేదు.
నాకు భయమేసింది అందుకే.

మర్నాడు అట్ట మీద రెండే చుక్కలు.
తగ్గిందని సంబరపడబోయి
ఆగాను:
కారడానికి లోపల ఇంకా నీళ్ళెక్కడివి?

మూఢానికి పదమూడు రోజులుండగా,
మంచి ముహూర్తాలున్న గురువారం నాడే,
బండి ఏసుపాదానికి అప్పగించి
ట్రాలీ ఆటో మాట్లాడాను, పద్నాలుగొందలు.
దారంతా గుండిగలు పట్టుకుని దొరబాబు
నన్ను చూడకుండా రోడ్డునే చూశాడు.

పాత పంపు నా చేతిలో పెట్టి
రెక్కల మీద తుప్పు వేలితో గీకాడు ఏసుపాదం.
"ఇంకో నెల తిరిగేదేమోనండి," అన్నాడు,
"లేకపోతే శనివారం."
రెండూ ఒకే గొంతుతో.

వంటపాక తలుపు గాలికి కొట్టుకోకుండా
ఆ పంపునే అడ్డం పెట్టాను.
తెల్లారకముందే లేస్తాను ఇప్పటికీ,
అట్ట లాగి చూస్తాను.
పొడిగా ఉంది.
తిరగేసి కూడా చూస్తాను.