కల రాసేదాకా కాఫీ లేదు

యాభై రెండో ఏట రేగులా మళ్ళీ చదువుకి వెళ్ళింది.
ఇరవై ఏడేళ్ళు కట్టుడు పళ్ళు చేసిన చేతులు,
గోళ్ళ సందుల్లో పింగాణీ పొడి పోకముందే
దరఖాస్తు మీద సంతకం పెట్టేశాయి.
డెప్త్ సైకాలజీలో మాస్టర్స్, నాలుగేళ్ళు.

"ఎంత లోతు?" అన్నాను.
సొరంగాలు తనిఖీ చేసేవాణ్ణి,
లోతంటే నాకు మీటర్లలో చెప్పాలి.

నవ్వలేదు.
మర్నాటి నుంచి పొద్దున్నే లేచి
మంచం అంచున కూర్చుని రాసుకోవడం మొదలుపెట్టింది.
నోరు తెరిస్తే కల చెదిరిపోతుందట,
పాల మీద మీగడలాంటిదట, ఊదితే ముడుచుకుపోతుందట.
అలా మా ఇంట్లో ఒక చట్టం పుట్టింది:
కల రాసేదాకా కాఫీ లేదు.

శనివారాలు రైలెక్కి సరస్సు ఒడ్డు భవనానికి వెళ్తుంది.
క్లాసులో పదకొండుమంది.
అంగీ విప్పేసిన ఒక ఫాదరు,
ఎస్టోనియా నుంచి వచ్చిన డాన్సు టీచరు,
బ్యాంకు ఉద్యోగం ఊడిన కుర్రాడొకడు,
వాడి కలల నిండా లిఫ్టులే.
పళ్ళు రాలిపోయే కల ఎవరెవరికి వస్తుందని
ప్రొఫెసరు అడిగితే తొమ్మిది చేతులు లేచాయట.
"ఇన్నేళ్ళూ పగటి పళ్ళకే పనిచేశాను, ఊలీ,
రాత్రివి ఎవరూ తేలేదు" అంది
బూట్లు విప్పుకుంటూ.

మూడో విడత ఫీజుకి నా పడవ అమ్మేశాం.
చిన్నది, చెక్కది, ఆకుపచ్చ రంగు.
"పర్వాలేదు" అన్నాను.
ఆ మాట ఆమె నోట్‌బుక్కులోకి ఎక్కిందని నా అనుమానం.

గురువారాలు ఫ్రావ్ ఎటర్ ఇంట్లో
తన మూటలు తనే విప్పుకోవాలి.
ఇంకొకరికి మందు పోసే ముందు
తను మింగి చూడాలన్నది అక్కడి నియమం.
మొత్తం మూడొందల గంటలు.
ముసలావిడ, ఒక చెవిటి కుక్క, కిటికీలో వాన.
నేను కింద కార్లో హీటర్ వేసుకుని కూర్చునేవాణ్ణి.
కళ్ళు ఉబ్బించుకుని వచ్చేది. నేను గేరు వేసేవాణ్ణి.

ఒక్కరోజు మాత్రం, రెడ్ లైటు దగ్గర, తనే చెప్పింది.
చిన్నప్పుడు గోడ అవతల
వాళ్ళ నాన్న నిద్రలో పళ్ళు నూరేవాడట.
ఎన్నిసార్లో లెక్కపెడుతూ తెల్లవార్లూ పడుకునేదట.
"ఈ పనిలోకి ఎందుకొచ్చానో ఇప్పటికి తెలిసింది."
లైటు ఆకుపచ్చైంది.
వెనక ఎవడో హారన్ కొట్టాడు.

నాకు కలలు రావన్నాను.
"అందరికీ వస్తాయి" అంది బ్రెడ్డు కోస్తూ,
అంతకు మించి ఒక్క ముక్క అనలేదు.

నా పని రాత్రి రెండు తర్వాత, ఆఖరి గూడ్సు దాటాక.
సుత్తితో గోడ తట్టుకుంటూ నడుస్తాం.
గట్టి చోట మోత ఖంగుమంటుంది.
డొల్ల చోట కిందికి జారిపోతుంది.
అక్కడ పసుపు సుద్దతో గీత గీసి ముందుకి పోతాం.
బాగుచేసేవాళ్ళు వేరే.

మొన్న ఫిబ్రవరిలో నాకొకటి వచ్చింది.
సొరంగం గోడ నిండా పళ్ళు.
నేను ఒక్కొక్కటే తడుతున్నాను,
ప్రతి పన్నూ లోపలినుంచి తిరిగి తడుతోంది.
ఇంతలో పట్టాల మీద, దీపం లేకుండా, మనిషి లేకుండా,
నా ఆకుపచ్చ పడవ.

ఆమెను కుదిపి లేపాను.
"దీనర్థమేంటి? చదివావుగా, చెప్పు!"

దీపం వేసింది.
నా మొహంలోకి చాలాసేపు చూసింది,
నేను గోడకి చెవి పెట్టినప్పుడు
అలాగే ఉంటానేమో, తెలీదు.
అర్థం చెప్పలేదు.
సొరుగు లాగి కొత్త నోట్‌బుక్కూ పెన్సిలూ
నా ఒళ్ళో పడేసి
వేలు పెదాల మీద పెట్టి
వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పళ్ళ గురించి రాశాను. చప్పుడు గురించి రాశాను.
పడవ దగ్గర పెన్సిల్ ఆగింది.
"పర్వాలేదన్నాను" అని రాసి, కొట్టేసి,
మళ్ళీ రాశాను.

బయట మంచు తీసే బండి వెళ్తోంది.
వంటింట్లోంచి కాఫీ వాసన
ఇంకా రావడం లేదు.