ముఖం అరిగిన పునీత

తూర్నెలో ఆదివారం సంత.
తుప్పుతాళాలకీ పాత పోస్టుకార్డులకీ నడుమ
ప్లాస్టిక్ సంచిలో ఒక దూడతోలు ఆకు,
ఏ ప్రార్థన పుస్తకంలోంచి కోశారో.
"ముఖం పోయిందమ్మా, అందుకే సగం ధర"
అడక్కముందే ఒప్పేసుకున్నాడు బొదువాన్.

అంచంతా స్ట్రాబెర్రీ తీగలు. ఒక నత్త.
బాకా ఊదే కోతి, దానికేం పట్టదు.
నాలుగు వేళ్ళ చట్రంలో
డ్రాగన్ వీపు చీల్చుకుని
సగం బయటికొచ్చిన పునీత మార్గరీత.
దాని నోట్లో ఇంకా ఆమె అంగీ కొస.
జోడించిన చేతులు జోడించినట్టే ఉన్నాయి.
ముఖం ఉండాల్సిన చోట
పాలు ఒలికి ఆరినట్టు ఒక మరక.

ఎలుక కొట్టింది కాదు, చెమ్మ తిన్నది కాదు.
ముప్పై ఒక్క ఏళ్ళు పురుళ్ళు పోసినదాన్ని,
నాకు తెలీదా?
నొప్పులు ముదిరాక ఏదో ఒకటి కావాలి పట్టుకోడానికి.
మంచం కమ్మీ, మొగుడి మణికట్టు.
నా మెళ్ళో గొలుసు రెండుసార్లు తెంపారు.
వాళ్ళు ఈ ఆకు అడిగారు.
రాక్షసి కడుపులోంచి బయటపడ్డదానివి,
నా కడుపులోదాన్నీ బయట పడెయ్ తల్లీ అని
పెదాలకి అదుముకున్నారు.
కూతురికి, కోడలికి, పక్కింటికి అరువు.
ముద్దు మీద ముద్దు.
ముందు కళ్ళు పోయుంటాయి. తర్వాత నోరు.
తలచుట్టూ బంగారు వలయంలో సగం.

ఆ బంగారం ఊరికే అంటదట.
ఆరిన సుద్దముద్ద మీదికి వంగి
గొట్టంలోంచి "హా" అని
వెచ్చటి ఊపిరి వదలాలట చిత్రకారుడు.
ఆ తడికే రేకు పట్టుకుంటుందట.
ఆ పొద్దున వాడేం తిన్నాడో. ఉల్లిపాయ కావచ్చు.
హా అను, ఇంకోసారి హా అను...
ఎన్ని వేలసార్లు అన్నాను నేనూ.
ఒకడి ఊపిరి అంటించినదాన్ని
ఇందరి ఊపిరి ఊడ్చుకుపోయింది.

అడుగున గోధుమరంగు సిరా:
"ఇసాబో. రెండో కాన్పు. ఇద్దరం బతికాం."
దాని కింద వేరే చేతిరాత.
ఒక పేరు, పక్కన సిలువ గుర్తు.
ఇంకేం లేదు.

"లిల్‌లో నాకు తెలిసినవాడున్నాడు,
కొత్త ముఖం గీసిపెడతాడు, కనిపెట్టలేరు"
అన్నాడు బొదువాన్.
వద్దన్నాను. బేరం కూడా ఆడలేదు.
ఫుట్‌బాల్ వార్తల కాగితంలో చుట్టిచ్చాడు.

ఎస్కో వంతెన మీద వాన.
స్వెటర్ లోపలికి దోపి, పైన రెండు చేతులూ అడ్డం పెట్టుకుని
బస్సెక్కాను.
ఒక కుర్రాడు చప్పున లేచి చోటిచ్చాడు,
నా వయసు చూసో,
నా చేతులున్న చోటు చూసో.