ఎర్ర టేపు

పద్దెనిమిది నిండిన నాలుగో రోజు
ఒంగోలు ఆర్టీఓ ఆఫీసులో
కంప్యూటర్ నన్ను బొమ్మలడిగింది.
ఒకటి తప్పు చెప్పాను. అయినా పాసే.
ఫోటోలో నవ్వొద్దన్నారు.

బయట మా నాన్న కాలేషా,
ఇరవై రెండేళ్లుగా చీమకుర్తి రాళ్ల లారీ తోలే మనిషి,
చల్లారిన టీ పట్టుకుని నిలబడున్నాడు
పరీక్ష తనదే అయినట్టు.
"ఏమేం అడిగిందే?"

ఇరుకు వంతెన, అన్నాను.
"గుండ్లకమ్మ కాడిది."
జారుడు రోడ్డు.
"రాయిపొడి మీద వాన పడితే, మన క్వారీ మలుపు."
నేను పేర్లు బట్టీపట్టిన బొమ్మలన్నిటికీ
ఆయన దగ్గర ఊళ్లున్నాయి.

ఇద్దరు పిల్లలు నడిచే బొమ్మకి మాత్రం
కాసేపు ఆగాడు.
"మీ బడి కాడ. లోడున్నా లేకున్నా రెండో గేరే.
కిటికీలోంచి చూస్తావేమోనని."
నేనెప్పుడూ చూళ్లేదు.
లారీలన్నీ ఒకటే మోత నాకు.

ఎల్ బోర్డు కొననియ్యలేదు.
జేబులోంచి ఎర్ర టేపు తీసి, పళ్లతో తెంపి
స్కూటీ ముందు అంటించాడు, కాస్త వంకరగానే.
"ఇంక పోనీయ్" అని వెనక కూర్చున్నాడు.

కర్నూలు రోడ్డెక్కాం.
దారంతా ఆయన కుడికాలు
లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది.