ఇనుప చువ్వ

ఫోనులో గొంతు ఒక్క ముక్క చెప్పింది:
పాత రైలు వంతెన దాటాక మూడో మెస్కీట్ చెట్టు.
ఆ తర్వాత చిన్న దగ్గు,
గొంతులో పిట్ట ఈక అడ్డం పడ్డట్టు.
అంతే. లైను తెగింది.

రాత్రి రెండుంబావు.
తేళ్లున్నాయేమోనని బూట్లు దులిపి తొడుక్కున్నాను.
ఎవరికీ చెప్పలేదు.
ఆదివారాలు పారలు పట్టుకుని సొనోరా ఎడారిలోకి బయల్దేరే
మా పదకొండుమంది తల్లులకీ ఒక నియమముంది:
ఒంటరిగా వెళ్లకూడదు, రాత్రి అసలే వెళ్లకూడదు.
ఆ నియమం రాసినదాన్ని నేనే.

స్టేషన్లో ఫారం నింపినతను
వాడి వయసు బదులు నా వయసు రాశాడు.
కాగితం మీద నలభై నాలుగేళ్ల పిల్లాడు తప్పిపోయాడు.
దిద్దమంటే, కొత్త ఫారాలు సోమవారం వస్తాయన్నాడు.
అప్పటికీ ఇప్పటికీ పద్నాలుగు నెలలు.

నా దగ్గరున్నది ఒక ఇనుప చువ్వ.
నెమెసియో సైకిలు హ్యాండిల్ కోసి దానికి పిడిగా అతికించాడు
వెల్డింగు షాపు ముసలాయన.
డబ్బు తీసుకోలేదు, నా ముఖమూ చూడలేదు.
చువ్వని సుత్తితో నేలలోకి దించాలి. లాగాలి.
కొన ముక్కు దగ్గర పెట్టుకోవాలి.
మన్ను వాసనొస్తే ఇంకో చోటు.
రెండో వాసనొస్తే పార.
ఆ రెండోదానికి మాలో ఎవరమూ పేరు పెట్టలేదు.
ఇదే ముక్కుతో ఒకప్పుడు
వాడి చొక్కా వాసన చూసి
సిగరెట్టు తాగావా అని నిలదీశాను.

వంతెన దిగుతుంటే వెనక ఇంజను.
దీపాల్లేవు.
నేనాగితే అదీ ఆగుతోంది.
ఎండిన వాగులో బోర్లా పడుకున్నాను.
చెంప కింద ఇసుక పగటి వేడి ఇంకా వదల్లేదు.
తలుపు తెరుచుకున్న చప్పుడు.
అడుగులు. ఒకడివి.
కాదు, ఇద్దరివి.
"కుక్కేమోలే" అన్నాడొకడు.
టార్చి పట్టుకున్నవాడు మాట్లాడలేదు.
వెలుగు నా చువ్వ కొసని తాకింది,
ఒక్క క్షణం ఆగింది,
పక్కనున్న ముళ్లపొద మీదికి తప్పుకుంది.
వాడు దగ్గాడు.

ఎంతసేపున్నానో తెలీదు.

మూడో చెట్టు.
మొదటిసారి మన్ను. రెండోసారి మన్ను.
మూడోసారి కొన ముక్కు దాకా రానేలేదు,
అంతకుముందే తెలిసిపోయింది.
పారకి చప్పుడెక్కువ. చేతులతోనే తవ్వాను.
మోచేతి లోతున బూటు.
దీపం వెలిగించే ధైర్యం లేక
అడుగునున్న అంకెని వేలితో చదివాను: ఇరవై తొమ్మిది.
మావాడిది ఇరవై ఆరు.

సంతోషమేసింది.
అబద్ధమెందుకు, ఆ గొయ్యి పక్కన, ఆ చీకట్లో,
ఒక ఊపిరిసేపు పండగలా ఉంది.
ఆ తర్వాత రెమెడియోస్ గుర్తొచ్చింది.
"మా బ్రౌలియోవి కాళ్లా, పడవలా?
వాడి బూట్లు ఎర్మొసియో నుంచి తెప్పించాల్సిందే" అని
తవ్వుతూ తవ్వుతూ నవ్వేది.

ఫోను తీశాను. వేలు ఆమె పేరు మీద ఆగింది.
పోనీ, తెల్లారనీ.
ఇంకో మూడు గంటలు
ఏదో ఒక ఆశ మీద తల పెట్టుకుని పడుకోనీ.

ఆరింటికి ఆమె తలుపు తట్టాను.
అది ఇక్కడ రాయను.

ఏడింటికి టోర్టిల్లాల కొట్టు.
ఉబాల్దో తూకం వేస్తున్నాడు,
నెమెసియోతో ఒకే బెంచీ మీద కూర్చున్న పిల్లాడు.
ఎదురుగా రోడ్డు వార ఒక పికప్ ట్రక్కు,
టైర్ల గాళ్ల నిండా వాగు ఇసుక.
అద్దం వెనక ఎవరో పేపరు చదువుతున్నారు,
పేజీ మాత్రం తిప్పడం లేదు.

"అరకిలో" అన్నాను.
ఇద్దరికి సరిపడా. పద్నాలుగు నెలలుగా అంతే కొంటున్నాను.
తలెత్తకుండా కాగితంలో చుట్టాడు.
నా గోళ్ల కింద మట్టి చూశాడు.
దగ్గాడు.

చిల్లర లెక్కపెట్టుకుంటున్నట్టు వంగి
పెదవి కదపకుండా అడిగాను:
"నాలుగో చెట్టు ఎక్కడ నాన్నా?"

వాడి చెయ్యి తక్కెడ మీదే ఉండిపోయింది.
పళ్లెంలో ఏమీ లేదు.
ముల్లు ఊగుతూనే ఉంది.