విత్తనం కాయలు

నిన్న ఆదోనోళ్ళు ఐదు కొట్టినారు.
ఐదోది పడేటప్పుడు నేను చూడల్యా,
సైకిలు ట్యూబుకు అతుకు పెడతా తల వంచుకున్యా.
సుంకమ్మ ఉగ్గాని బండి కాడ్నించి ఒక నిట్టూర్పు,
దాని మీద గుంతకల్లు యార్డులోంచి గూడ్సు కూత.
అంతే, తెలిసిపాయ.

సందకాడ కమిటీ నా పంచర్ అంగట్లోనే కూచునె.
టీలు నా లెక్కలోనే రాపిచ్చినారు.
"ఫార్వర్డు కావల్ల" అంటాడు ప్రెసిడెంటు.
"బళ్ళారి నించి ఒకణ్ణి తెస్తాం,
మ్యాచ్‌కు రెండు వేలు, బిర్యానీ, రానుపోను టికెట్టు."

నారపరెడ్డన్నా,
నీ తోటలో ఎన్ని బోర్లు ఏపిస్తివి?
తొమ్మిది.
ప్రతిసారీ అరచేతిలో టెంకాయ పెట్టుకోని ఒకడొచ్చె.
టెంకాయ లేసె, నువ్వు లేస్తివి, అప్పిచ్చినోడు లేసె.
ఆరు నూర్ల అడుగులు పోయినా దుమ్మే గదా.
ఫార్వర్డు గూడా అంతేనన్నా.
నడిమిట్ల బంతి అందిచ్చేటోడు లేకుంటే
బళ్ళారోడు ఏం చేస్తాడు,
పోస్టు కాడ నిలబడి బిర్యానీ అరిగిచ్చుకుంటాడు.

ఖాజా మీద కేకలేస్తిరి.
కీపరుకు గ్లౌజులు ఎవురన్నా కొనిస్తిరా?
వెల్డింగు షాపులో తోలు గ్లౌజులు,
నిప్పురవ్వల బొక్కలు పడినవి,
అవే తొడుక్కోని నిలబడె.
ఐదు పోయినాయంటారు.
పదకొండు ఆపినాడు. నేను లెక్కపెట్టినా.
ఆపినవి రాసేదానికి మన బోర్డు మీద జాగా లేదు.

కెప్టెన్ గురించి చెప్పల్లంటే కొంచిం భయమే,
నీ మేనల్లుడు గదా.
పిల్లోడు మంచోడు. జుట్టు బాగుంటాది.
కానీ బంతి పోగొట్టుకోని
రెండు చేతులూ నడుముకు పెట్టుకోని నిలబడ్తాడు చూడు,
బస్సు తప్పిపోయినోని మాదిరి,
అప్పుడు నాకు కడుపు కాల్తాది.
బస్సు పోయినోడు గూడా నాలుగడుగులు పరిగెత్తుతాడన్నా.

అవన్నీ ఇడ్సిపెట్టు.
పోయినేడు ఖర్చు ఎక్కువైతాందని
పదైదేండ్ల పిల్లోల్ల టీం తీసేస్తిరి.
గుడ్లకూ అరటిపండ్లకూ నెలకు నాలుగు వేలు.
కరువు సమచ్చరం మా జేజి
విత్తనం శెనిక్కాయల మూట అటక మీదికి ఎక్కిచ్చి
నిచ్చెన తీసి పక్కింటోళ్ళకు ఇచ్చేసె.
సంగటి లేని రాత్రి మేం ఏడిస్తిమి.
ఆయమ్మా ఏడ్చె.
నిచ్చెన మాత్రం మళ్ళీ అడగల్యా.
మీరు నిచ్చెన ఏసుకోని ఎక్కి,
వలుచుకోని తినేస్తిరి.
ఇప్పుడు వాన పడ్తే మాత్రం ఏం చల్లుతారు?

రెండేండ్లు ఓడిపోదామన్నా.
నాకేమన్నా తీపా ఓడిపోవడం?
ఆదోని బావమరిది ఫోన్ చేస్తే ఎత్తకుండా తిరుగుతాండా.
అయినా చెప్తాండా, ఓడిపోదాం,
మన పిల్లోల్లతోనే ఓడిపోదాం.

బయటికి పోయిన బంతి ఏరుకొచ్చే గుంపులో
గంగరత్న అని ఒక పిల్ల.
చెప్పుల్లేవు. కంకర మీద ఎడమకాలితో కొడ్తాది.
నేరుగా నా అంగడి రేకు మీద దబ్బుమంటాది.
తిట్టల్లని బయటికొస్తా,
లోపల టెంకాయ లేస్తాది నాకు గూడా.
ఆడపిల్ల గదా అంటావు.
ఆ సంగతి కాలికి తెలీదన్నా.

అంతా ఇని తల ఊపినారు.
లేసి పోతా పోతా
బళ్ళారికి అడ్వాన్సు ఎంత పంపల్లో మాట్లాడుకునిరి.

ఈ ఆదివారం రానని సుంకమ్మతో ఒట్టేసినా.
"పోయిన నెల గూడా ఏస్తివి" అని
ఒక మిరపకాయ బజ్జీ ఎక్కువేసె.

మ్యాచ్ బంతి నా కాడికే వచ్చింది, నాలుగో అతుకుకు.
బ్లాడరుకు గాలి కొట్టి చెవి కాడ పెట్టుకుంటే
యాడనో సన్నగా పోతాంది.
బకెట్లో ముంచి తిప్పుతాండా.
లైటు ఆర్పద్దు రా, ఉండు,
బుడగ యాడ లేస్తాదో చూడల్ల.