ఆఖరి పది నిమిషాలు

సాల్మియాలో ఆ మాలు మూడో అంతస్తు,
ఆరో నంబరు తెర.
సినిమా అయిపోయే పది నిమిషాల ముందు
చీపురూ నల్లసంచీ పట్టుకొని
తలుపు పక్క చీకట్లో నిలబడతా.

నాలుగేండ్లు.
ఎన్ని ఇంగ్లీషు సినిమాలకో ఆఖరు మాత్రమే చూసినా.
ఆఖర్లో ఎప్పుడూ తెల్లాయనే మిగిలుంటాడు,
నుదుట ఒక్క గీత నెత్తురు,
భుజమ్మీద ఒక తెల్లామె, చెదిరినా చక్కంగుండే జుట్టు.
ఆ సినిమాలు తీసే ఊర్లో
ఇంకెవురూ ఉండరేమో అనుకుంటి.

తిగిస్త్ నవ్వింది. తనది ఇథియోపియా,
వరసల మధ్య రాలిన పాప్‌కార్న్ ఎత్తే పని.
మా ఇద్దరిదీ వచ్చీరాని అరబ్బీ.
"ఉంటారు దస్తగిరమ్మా,
నువ్వు వచ్చేలోపల చచ్చిపోయింటారు."

దుమ్ముగాలి లేచిన ఒక మధ్యాన్నం
హాల్లో పురుగు లేదు.
టికెట్లు చించే ఈజిప్టు హమ్దీ
కూర్చోండని కన్ను గీటినాడు.
వెయ్యిసార్లు తుడిచిన కుర్చీలో
కూర్చునింది అదే మొదలు.

అరబ్బు దేశం రాంగానే తెరంతా పసుపుపచ్చ.
పచ్చకామెర్లోనికి లోకమంతా పచ్చనే అంటారు మావైపు,
వాళ్ళ కెమెరాకూ వచ్చిందేమో.
ఈ రోజంటే దుమ్ము గానీ
రెండు సందుల అవతల సముద్రం
నీలిమందు కలిపిన బకెట్టు మాదిరి ఉంటాది.

తిగిస్త్ రంగు పిల్లోడు ఒకడు భలే నవ్వించినాడు.
సగం గాకముందే చచ్చినాడు.
తను నా మోచెయ్యి గిల్లింది: చెప్పలా?

ముసుగేసుకున్న ముసలామె, అచ్చం మా జేజి,
రొమ్ము బాదుకుంటా అరిచింది.
శాపం పెడతాందని కింద ఇంగ్లీషులో రాసినారంట.
హమ్దీ పడీపడీ నవ్వినాడు:
"ఆమె అంటాండేది, బస్సు ఇంకా రాలేదని!"
కొంచేపటికి నవ్వు ఆపినాడు.
"పాపం, ఏదో ఒకటి అరవమన్నింటారు."

మనామె గూడా ఒకతె వచ్చింది, బొట్టు పెట్టుకొని.
తలకాయ బొంగరం తిప్పినట్టు తిప్పి
ఎస్ మేడమ్ అనేసి పోయింది.
ఎస్ మేడమ్ నేనూ అంటా, రోజుకు నలభై సార్లు.
అన్నాక గూడా నేను ఉంటా గదా.
ఆమె యాడికి పోయిందో ఎవురూ చూపీలా.

తెల్లామె మాత్రం ఏం సుఖపడింది!
బాంబు తీగెల లెక్క తెలిసింది ఆమెకు,
తెంచింది ఆయన.
అన్ని మెట్లు దిగేదానికి ఆ ఎత్తు మడమల చెప్పులు ఎందుకో.

నాకు కోపమొచ్చింది. దాని వెనకాలే ఇంకోటి వచ్చింది.

కువైట్‌కు వచ్చిన కొత్తల్లో
రూములో గోదావరి వైపు మంగతాయారు అడిగింది:
"మీది రాయచోటా? మంచాల కింద బాంబులుంటాయంట గదా?"
మన సినిమాల్లో మా సీమంటే
సుమోలు, వేటకొడవళ్ళు, తొడగొట్టే మీసాలు.
మా నాయన దూదేకే మనిషి.
గట్టిగా తుమ్మను గూడా తుమ్మడు, దూది ఎగురుతాదని.
ఆ రాత్రి బాత్రూంలో నీళ్ళిప్పి ఏడ్చినా.

ఆ నేనే
తిగిస్త్ మా రూముకు దిగిన రాత్రి
దినార్ల సంచీ దిండు కింద పెట్టుకొని పండుకున్నా.
ఆ రంగంటే భయం నాకెవురు నేర్పిచ్చినారు?
అప్పటికి ఆఖరి పది నిమిషాలు గూడా
నేను చూసింది లేదు.

తనకు ఇంతవరకూ చెప్పలా.

తెరమీద పేర్లు ఎక్కుతాండాయి.
నాకు కూడబలుక్కొని చదవను వచ్చు.
తెల్లాయనకు పేరుంది, ఆయన కుక్కకూ ఉంది.
జేజికి, ముసలామె రెండు.
బొట్టామెకు, పనిమనిషి.
నా చొక్కా మీద కంపెనీ కుట్టింది చూసుకున్నా:
క్లీనర్ పద్నాలుగు.

లైట్లు వెలిగినాయి.
ముగ్గురమే చూసిన సినిమాకు
ఊడ్చేదానికి ఏముంటాది.
అయినా నేను చీపురు పట్టినా,
తిగిస్త్ కుర్చీల సందులు తడిమింది,
బయట సూపర్‌వైజరు బూట్ల చప్పుడు వినంగానే
హమ్దీ తలుపు కాడికి ఉరికి
బస్సు ఇంకా రాలేదని
ఆ ముసలామె గొంతుతో
రొమ్ము బాదుకొని అరిచినాడు.